మొగుడి పేరు

కావేరి జడ్జి కాకముందు లీడరు. లీడరు కాకముందు నూకయ్య పెళ్ళాం. జడ్జి ఉద్యోగం ఉంది, లీడరుగిరీ తనే వదిలేసింది, పెళ్ళాం అవునో కాదో మాత్రం పన్నెండేళ్ళుగా తేల్లేదు. ఊరందరి తగాదాలూ తేల్చే మనిషికి తన ఇంటి సంగతి తేల్లేదు.

ఆ ఆదివారం పొద్దున్నే లంబాలైన్‌లో ఉన్న అత్త ఎరుకమ్మ ఇంటికి వెళ్ళింది. జడ్జి అయ్యాక పోర్ట్‌బ్లెయిర్ మొత్తం మీద ఆమె గడప తొక్కే ఇల్లు అదొక్కటే. ఎరుకమ్మ వాకిట్లో పీట వేసుకుని చేపలు తోముతోంది. నెత్తి మీంచి విమానం దిగుతోంది. ఆ మోత అయ్యేదాకా ఇద్దరూ నోరు తెరవలేదు. ఆ బస్తీలో మాటల మధ్య విమానాలకి దారివ్వడం అందరికీ అలవాటే.

"గవరయ్య వొచ్చి ఎల్లేడు," అంది ఎరుకమ్మ తల ఎత్తకుండా.

గవరయ్య కులపెద్ద. అతనెందుకు వచ్చాడో కావేరికి తెలుసు. తెలిసే అడిగింది. "ఏటంటాడు?"

"ఏటంటాడు. పన్నెండేళ్ళు నిండిపోతన్నాయి, బొమ్మ కడదామా అంటాడు."

సముద్రం మీద బతికే వాళ్ళ కులంలో ఒక పద్ధతుంది. నీళ్ళల్లో పోయి శవం దొరకని మగాడి కోసం పన్నెండేళ్ళు ఆగుతారు. ఆపైన గడ్డితో బొమ్మ కట్టి, వాడు తొడిగి విడిచిన బట్ట దానికి చుట్టి, రేవులో కాలుస్తారు. అంతవరకూ ఎక్కడైనా ఉన్నదే. వీళ్ళలో ఇంకోటి ఉంది. నిప్పు పెట్టే ముందు పెద్దల ఎదుట పెళ్ళాం తన నోటితో మొగుడి పేరు చెప్పి, పోయాడు అనాలి. బతికున్నన్నాళ్ళూ మొగుడి పేరు పలకని ఆడది ఆ ఒక్కసారికే పలుకుతుంది. పలికిందంటే అయిపోయినట్టే. ఆ మాట పడకపోతే బొమ్మ ఉత్త గడ్డి. పద్ధతి పెట్టిన మగాళ్ళు ఆడదాని నోటికి జీవితంలో ఒక్క పనే ఇచ్చారు, అదీ ఇలాంటి పని.

"ఇరవై ఆరో తారీకు ఇంకా దూరముంది కదా అత్తా."

"ఇంగ్లీసు తారీకు ఎవుడిక్కావాల. ఆ నీళ్ళొచ్చినేళ పున్నమి. మార్గశిర పున్నమి. ఈ యేడు అది ముందొచ్చీసింది. ఎల్లుండి కాక ఆ పైమంగళారం."

"కోర్టుంది."

"సెలవెట్టు."

"అంత తొందరేటి?"

ఎరుకమ్మ కత్తిపీట పక్కన పెట్టింది. "నాకు డెబ్బై దాటిపోనాయి. మీకు పిల్లల్లేరు. నాను పోతే ఆడికి గుక్కెడు నీళ్ళొదిలే మనిసి ఉండదు. పన్నెండేళ్ళ నించి దాహంతో తిరగతన్నాడో ఏటో." చేతులు చీరకి తుడుచుకుంది. "నువ్వు సెప్తే ఊరంతా సచ్చిపోనారు. నా కొడుకొక్కడే బతికున్నాడు."

ఆ మాట ఎందుకందో చెప్పాలి.

కావేరి బతు బస్తీలో పుట్టింది. తండ్రిది ఎండుచేపల కొట్టు. విశాఖపట్నంలో లా చదివి తిరిగొచ్చి, మేనత్త కొడుకు నూకయ్యని చేసుకుంది. వాడిది డింగీ, అంటే చిన్న ఇంజను పడవ, చిన్నచిన్న కాంట్రాక్టులు. లా చదివిన పిల్లకి డింగీవాడేంటి అని బస్తీలో నవ్వారు. కావేరి అంతకన్నా గట్టిగా నవ్వింది. జిల్లా పరిషత్ ఎన్నికల్లో నిలబడమని తోసింది నూకయ్యే. ఆమెని డింగీలో కూచోబెట్టుకుని రేవురేవుకీ తిప్పాడు. ఆమె మైకు పట్టుకుని అరుస్తుంటే వాడు ఇంజను ఆపి నీళ్ళలో కాళ్ళు వేలాడేసుకుని వినేవాడు. "బావా, ఎలా ఉంది?" అనడిగితే, "బాగుంది గానీ అంత అరిస్తే సేపలెల్లిపోతాయే," అనేవాడు. గెలిచింది.

ఆ తర్వాత వాడు కార్ నికోబార్‌లో గోడౌను కట్టే పని పట్టుకున్నాడు. సిమెంటు ఓడతో పాటే వెళ్ళాడు. క్రిస్మస్ మర్నాడు సునామీ నీళ్ళొచ్చాయి.

నీళ్ళు దిగాక కావేరి కంటికి నిద్ర పోయింది, గొంతు మాత్రం పోలేదు. సర్కారు వేసిన రేకుల షెడ్లలో మధ్యాహ్నమయ్యేసరికి జనం పెనం మీద రొట్టెల్లా కాలుతుంటే ఆఫీసుల ముందు కూచుంది. తోసేస్తే మళ్ళీ వచ్చి కూచుంది. అన్నిటికన్నా పెద్ద గొడవ గల్లంతైన వాళ్ళ గురించి. ఏడేళ్ళు కనబడకపోతేనే మనిషి చచ్చినట్టు అని చట్టం. ఏడేళ్ళు ఆ పెళ్ళాం పిల్లలు ఏం తినాలి, ఇసకా? కావేరి ఒక్కదాని అరుపులకే కాదు, చాలామంది చాలాచోట్ల అరిస్తేనే ఆ గడువు ఎత్తేశారు. ఎత్తేశాక ఇంకో కష్టం. మొగుడు పోయాడని ఆడవాళ్ళు సంతకం పెట్టరు. వస్తాడంటారు. ఏదో దీవిలో కొబ్బరికాయలు తిని బతుకుతున్నాడంటారు. కావేరి ఇంటింటికీ వెళ్ళి కూచుంది. "రాడు. రాసివ్వు. పిల్లల మొహం చూడు," అని ఒక్కొక్కదాని చేతా ఒప్పించింది. కొందరు ఆమెని తిట్టారు. ఒకామె చెంబు విసిరింది. అయినా వదల్లేదు.

తన మొగుడి కాగితం మాత్రం పెట్టలేదు. బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. మొదట్లో ఎవరూ అడగలేదు. తర్వాత అందరూ అడగడం మొదలెట్టారు. మీటింగు అయ్యాక టీ గ్లాసు చేతికిస్తూ, "దీదీ, మన నూకయ్య కబురేమైనా?" అని. బస్సులో, బజార్లో, పెళ్ళిలో. రెండోసారి కూడా గెలిచింది, అంతకుముందు కంటే ఎక్కువ ఓట్లతో. గెలిచిన దగ్గర్నించీ అడిగేవాళ్ళు ఇంకా పెరిగారు. ఆ పదవీకాలం అవగానే జడ్జి పరీక్ష రాసింది. పదవికి పాకులాడిందని కొందరన్నారు. వాళ్ళకేం తెలుసు. ఈ లోకంలో అందరినీ అడగడమే తప్ప ఎవరూ తిరిగి ఏమీ అడగలేని కుర్చీ అదొక్కటే. అందుకు వెళ్ళి కూచుంది. అండమాన్ కోర్టులు కలకత్తా హైకోర్టు కిందివే. బెంగాల్‌లో నాలుగు ఊళ్ళు తిరిగి పోర్ట్‌బ్లెయిర్ వచ్చింది. ఇక్కడికొచ్చాక తెలిసింది, ఎవరూ అడక్కపోవడం అంటే ఏమిటో. ఏ ఇంటికీ వెళ్ళకూడదు, ఎవరింట్లోనూ టీ తాగకూడదు. ఒకప్పుడు తనని "ఒలే కావేరీ" అని పిలిచిన ముసలివాళ్ళు బోనులో నిలబడి "మేడమ్" అంటారు. నూకయ్య సంగతి తనతో మాట్లాడే మనిషి అత్త తప్ప మరొకరు మిగల్లేదు.

ఆ అత్త ఇప్పుడు ఇదంటోంది.

"బొమ్మకి వాడి బట్ట కావాలి కదా. నా దగ్గర ఒక్కటీ లేదు," అంది కావేరి. అబద్ధం కాదు. షెడ్లలో వాళ్ళకి కట్టుబట్టలు లేవని ఆ రోజుల్లోనే అన్నీ పంచేసింది. లీడరు ఇంట్లో ట్రంకుపెట్టె నిండా బట్టలు పెట్టుకుని ఊరివాళ్ళని అడుగుతుందా.

"తుష్నాబాద్ నూకయ్య దగ్గరుంది కదేటి."

కావేరి లేచి నిలబడింది. ఆ మనిషి ఊసు అత్త ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఎత్తలేదు.

"ఎల్లి అడుగు. బట్ట లేదని పున్నమి దాటించీకు," అంది ఎరుకమ్మ, మళ్ళీ కత్తిపీట ముందుకి లాక్కుని.

*

తుష్నాబాద్‌కి ఆఫీసు కారు తీసుకెళ్ళలేదు. బస్సెక్కింది. పక్కన కూచున్న ముసలామె తేరిపార చూసింది. "నువ్వు ఓట్లడిగేదానివి కాదూ?"

"అవును."

"ఈ మద్దిన కనబడవేటి? ఓడిపోనావా?"

"ఓడిపోలేదు. ఉద్యోగం చేస్తన్నాను."

"ఏదో ఒకటి. కూకుంటే జరగదు కదా," అని ముసలామె సంచిలోంచి జామకాయ తీసి చేతిలో పెట్టింది. కావేరి దాన్ని అక్కడికక్కడే కొరికింది. జడ్జి బస్సులో ఎవరో ఇచ్చిన కాయ తినకూడదని ఏ రూలు పుస్తకంలోనో ఉండే ఉంటుంది. ఉండనీ.

కిటికీలోంచి పోకతోటలు వెనక్కి పోతుంటే హడ్డో జెట్టీ కళ్ళకి కట్టింది.

నీళ్ళొచ్చిన వారానికి నికోబార్ నుంచి ఓడలు జనాన్ని తెస్తున్నాయి. జెట్టీ నిండా మనుషులు. ఓడ దిగిన వాళ్ళ పేర్లు మైకులో చెప్పే పని కావేరిదే. ఒక మధ్యాహ్నం ఓడ ఇంకా దూరాన ఉండగానే వైర్‌లెస్ గదిలోకి పిలిచారు. అక్కడి మనిషి అడిగాడు. "దీదీ, మీ ఆయన పేరేంటి, ఓడలో ఉన్నారేమో కనుక్కుంటాను."

ఊరూరా మైకు పట్టి పెద్దపెద్దవాళ్ళని పేరు పెట్టి కడిగేసిన నోరు అక్కడ మూసుకుపోయింది. పక్కనున్న మనిషి వైపు చూసింది. అతనే చెప్పాడు, నూకయ్య అని. వైర్‌లెస్‌లో గరగరమని జవాబొచ్చింది. "హా, నూకయ్య హై. తెలుగువాలా హై. జిందా హై."

ఇంటిపేరు అడగాలి. తండ్రి పేరు అడగాలి. కావేరి వకీలు, సాక్షి నోట్లోంచి తాతల పేర్లు కూడా లాగే మనిషి. వాళ్ళ కులంలో నూకాలమ్మకి మొక్కుకుని పుట్టిన ప్రతి మగపిల్లాడూ నూకయ్యే అని ఆమెకి తెలియదా. కానీ ఇంకో ప్రశ్న అడగాలంటే ఆ పేరు తన నోట పలకాలి. మొగుడి పేరు పలికితే ఆయుక్షీణం అని చిన్నప్పుడు చెవిలో పోసింది, ఏ లా కాలేజీ కడగలేకపోయింది. ప్రాణంతో ఉన్నాడని చెప్తుంటే ఇప్పుడు పలుకుతుందా. అడగలేదు. ఇంటికి పరుగెత్తి నీలం గళ్ళ చొక్కా పట్టుకొచ్చింది. వాడు వెళ్ళేముందు విడిచి వెళ్ళింది, ఉతకనిది. అత్తని వెంటబెట్టుకొచ్చింది. మైకులో, "మా ఆయన వస్తున్నాడు," అని కూడా అంది. జెట్టీ అంతా చప్పట్లు కొట్టారు.

దిగినవాడు వేరే నూకయ్య, తుష్నాబాద్ మనిషి. గోనెసంచి చుట్టుకుని ఉన్నాడు. జనం అతన్ని ముందుకి తోసి, "ఇడుగో, ఇడుగో నూకయ్య," అంటున్నారు. అతనికేం అర్థం కాలేదు. ఎరుకమ్మ అక్కడే కూలబడిపోయింది. కావేరి చేతిలో చొక్కా ఉంది, ఎదురుగా ఒంటి మీద నూలుపోగు లేని మనిషి ఉన్నాడు. తొడిగింది. గుండీలు కూడా తనే పెట్టింది. మళ్ళీ మైకు దగ్గరికి వెళ్ళి తర్వాతి పేరు చెప్పింది.

*

తుష్నాబాద్‌లో ఆ ఇల్లు వెతకడం కష్టం కాలేదు. పొలం గట్టున రేకుల ఇల్లు. వాకిట్లో ఒకావిడ వడ్లు ఎగరేస్తోంది. తన పేరు చిన్నమ్మి అంది. వచ్చిందెవరో పోల్చుకుని చేట కింద పెట్టేసింది. పొలం వైపు తిరిగి కేక వేసింది.

"ఓ నూకయ్యా. నూకయ్యా, ఇటు రా. అరే, జల్దీ రా."

పొలంలోంచి నిజంగానే ఒకడు నడుం ఎత్తి చూశాడు. భుజాన తువ్వాలు వేసుకుని వస్తున్నాడు. పిలిస్తే వస్తున్నాడు.

"పేరు పెట్టి పిలుస్తావా?" అంది కావేరి.

చిన్నమ్మి సిగ్గుపడింది. "స్కూల్లో ఒకే క్లాసు దీదీ మాది. అప్పటి అలవాటు. మా అత్త ఉన్నప్పుడు సచ్చేలా తిట్టేది. పేరెట్టి పిలిస్తే మొగుడికి సేటంట. ఏ సేటూ రాలేదు, సూడండి, సునామీ మింగి కక్కేసింది."

నూకయ్య వచ్చి దూరంగా నిలబడ్డాడు. నెత్తి నెరిసింది. కావేరికి అతన్ని చూస్తే కోపం లేదు. అతను మాత్రం తలెత్తలేదు.

"కూచో నూకయ్యా," అంది.

అనేశాక ఆ మాట తన చెవికే కొత్తగా వినబడింది. ఆ మూడక్షరాలు పెళ్ళయ్యాక ఆమె నోట్లో ఎప్పుడూ తిరగలేదు. ఇది వేరే మనిషి పేరు, తప్పు లేదు. అయినా నాలుక మీద అదేదో ఉప్పగా నిలిచిపోయింది. ఇంకోసారి అనాలనిపించింది. మంచినీళ్ళడిగి ఊరుకుంది.

వచ్చిన పని చెప్పింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"సొక్కా సిరిగిపోయేదాకా తొడిగేను దీదీ," అన్నాడు నూకయ్య. "ఒంటి మీద ఇంకోటి లేదప్పుడు."

"ఉంది, ఉంది, ముక్కలుగా ఉంది," అని చిన్నమ్మి లోపల్నించి బొంత తెచ్చి చాప మీద పరిచింది. పాత చీరలు, పంచెలు, పిల్లల గౌన్లు, అన్నీ కలిపి కుట్టిన బొంత. మధ్యలో అరచేతులు రెండు కలిపినంత నీలం గళ్ళ గుడ్డ. రంగు వెలిసి బూడిదలా ఉంది. కావేరి దాని మీద చెయ్యి వేసింది. వేసి తియ్యలేకపోయింది. ఈ బొంత కింద ఈ ఇంటి పిల్లలు ఇన్నేళ్ళు పడుకున్నారు. వాడి చొక్కా కింద ఎవరో పెద్దవాళ్ళయ్యారు.

"కొయ్యొద్దు. ఉండనీ," అంది. "బట్ట దొరకలేదని చెప్తాను."

చెప్పొచ్చు. బట్ట లేకపోతే బొమ్మ లేదు, బొమ్మ లేకపోతే ఆ మాట అనక్కర్లేదు. ఇంకో పున్నమికి చూద్దాం అనొచ్చు. కోర్టులో వాయిదాలిచ్చే చేతికి అదో లెక్కా.

చిన్నమ్మి ఆమె మొహం చూసింది. అప్పటికే చేతిలో బ్లేడు ఉంది.

"మా ఆడపడుచు మొగుడు కూడా కచ్చాల్ దీవిలో పోయేడు దీదీ. అది సంతకం ఎట్టనంటే మీరే మా ఇంటికొచ్చేరు. అదిగో, ఆ అరుగు మీద కూకున్నారు. రాడు, పిల్లల మొహం సూడు అన్నారు. మరి మీ అత్త మొహం ఎవులు సూస్తారు?" అంటూనే కుట్లు విప్పడం మొదలెట్టింది. "బొంతదేముంది, ఇంకో గుడ్డ ఏసి కుడతాను."

కావేరి చెయ్యి తీసింది.

*

పున్నమి నాడు పొద్దున్నే జంగ్లీఘాట్ రేవులో గవరయ్య బొమ్మ కట్టించాడు. తెలుగువాళ్ళ ఇళ్ళన్నీ రేవుకి దగ్గరే కాబట్టి జనం ఎక్కువే వచ్చారు. ఆమె లీడరుగా ఉన్నప్పుడు వచ్చినట్టే వచ్చారు, అయితే ఎవరూ పలకరించలేదు. జడ్జిని పలకరించొచ్చో లేదో వాళ్ళకి తెలీదు. బొమ్మ మనిషంత పొడుగుంది. గవరయ్య ఆ నీలం ముక్కని దాని గుండె మీద పెట్టి దారంతో చుట్టాడు.

"అమ్మా, జడ్జిగారమ్మా," అన్నాడు. "ఇంక తమరే. పేరు సెప్పి, ఆ మాట అనండి. నిప్పు పెడతాం."

కావేరి ముందుకొచ్చి బొమ్మ ఎదురుగా నిలబడింది. ఈ మాట కోర్టులో ఎన్నిసార్లు అందో. ఫలానా మనిషి చనిపోయినట్టుగా భావించడమైనది. గొంతు వణక్కుండా చదివి, తర్వాతి కేసు పిలవమంది. ఇంటింటికీ తిరిగినప్పుడూ అంతే, రాడు అని తెగేసి చెప్పింది. ఇప్పుడు రెండు మాటలు. మొదటిది పెళ్ళయిన రోజు నుంచి నోట్లో దాచుకున్నది.

"నూకయ్యా," అంది.

చెప్పినట్టు లేదు. పిలిచినట్టుంది.

గవరయ్య ఆగాడు. జనం ఆగారు. రేవు అవతల పెద్ద పడవ ఏదో హారన్ వేసింది.

"నూకయ్యా," అని మళ్ళీ పిలిచింది, ఈసారి గొంతెత్తి, రేవురేవునా అరిచిన ఆ పాత గొంతుతో. పిలిచి నీళ్ళ వైపు చూసింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పిలవలేదు కదా. పిలిస్తే కదా ఎవడైనా వచ్చేది. జెట్టీ మీద ఊరందరి పేర్లూ మైకులో పిలిచి వాడిదొక్కటీ పిలవలేదు. మూడోసారి పిలిచింది. ఆ పేరుకి అలవాటుపడిన నోరు ఇంకో మాట వైపు తిరగనంటోంది.

"అమ్మా, రెండో మాట," అన్నాడు గవరయ్య మెల్లగా.

కావేరి తల అడ్డంగా ఊపింది. నోరు తెరిస్తే మళ్ళీ ఆ పేరే వస్తుంది. ఆమె మొండికెయ్యలేదు, రావడం లేదంతే.

అప్పుడు ఎరుకమ్మ కర్ర ఊతంతో ముందుకొచ్చింది. కోడలి పక్కన నిలబడి, కొడుకు బొమ్మ వంక చూసి, "పోయాడు," అంది.

"అలా కుదరదు ఎరుకమ్మా," అన్నాడు గవరయ్య. "పెళ్ళాం అనాల. పద్ధతి."

"కన్నదాన్ని నాను. వొచ్చినప్పుడు మొదట సూసింది నాను. పోయాడని నానంటే సెల్లదా? సెల్లదంటే నీ పెద్దరికం ఎత్తుకెళ్ళి ఆ సేప మొప్పలేసే తొట్టిలో ఎయ్యి. పేరు అది సెప్పింది. మాట నాను సెప్పేను. ఇద్దరం కలిపి ఒకటి. నిప్పెట్టు."

జనంలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. గవరయ్య అటూ ఇటూ చూశాడు. ఎవరూ తనవైపు లేరని తెలుసుకుని నిప్పు పెట్టాడు.

ఎండుగడ్డి, ఎంతసేపు. గుడ్డముక్క ముందు పొగచూరి, ఆపైన అంటుకుంది. ఆడవాళ్ళు గాజుల కోసం చెయ్యి పట్టుకోబోతే ఎరుకమ్మ కర్ర అడ్డం పెట్టింది. "కోర్టుకి బోసి సేతుల్తో ఎల్లాలా? ఉండనీండి," అంది. పద్ధతి ఒకచోట విరిగాక ఇంకోచోట విరగడానికి ఎంతసేపు.

జనం వెళ్ళిపోయారు. బూడిదని నీళ్ళు తీసుకుపోతున్నాయి. అత్తా కోడలూ గట్టు మీద కూచున్నారు. కావేరికి ఏడుపు రాలేదు. నోట్లో పేరు మాత్రం అలాగే ఉంది, ఇక దాన్ని దాచనక్కర్లేదు, ఇక దాంతో పని కూడా లేదు. పలికే హక్కు వచ్చిన రోజే పలికితే వినేవాడు లేడని తేల్చుకున్నారు. ఇదేం న్యాయం అని అడగాలంటే అడగవలసింది ఎవరిని.

ఎరుకమ్మ కర్రతో నీళ్ళ వైపు చూపించింది.

"ఆడు సిన్నప్పుడు రేవులోంచి రాకపోతే ఇక్కడే నిలబడి పిలిసేదాన్ని," అంది. "ఇప్పుడు నాకంత గొంతు లేదు. నీది గట్టి గొంతు. ఇంకోపాలి పిలవే. ఇనాలనుంది."

కావేరి లేచి నిలబడి పిలిచింది.